కృష్ణుడి క్యాలిపర్, కర్ణుడి చెవి మిషన్

ప్రశ్న:

అక్కా, నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. సాయంత్రాలు పిల్లలకు నాటకం నేర్పిస్తుంటాను. ఈసారి రాయబారం ఘట్టం వేయిస్తున్నాం. కృష్ణుడి వేషం వేసే అమ్మాయికి ఎడమ కాలికి క్యాలిపర్, అంటే ఇనుప కడ్డీల ఆధారం ఉంది, రెండు చంక కర్రలతో నడుస్తుంది. పద్యం ఎత్తుకుందంటే ఇంక ఎవరి చూపూ పక్కకు పోదు. దుర్యోధనుడు వేసే అబ్బాయి బైకు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని వీల్‌చైర్‌లో ఉంటాడు. కర్ణుడు వేసే అబ్బాయికి రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి. జాలిపడి తీసుకోలేదక్కా, బాగా చేస్తారని తీసుకున్నాను.

అద్దె డ్రెస్సులు తెప్పించి తొడిగి చూశాం. క్యాలిపర్ మీదికి పంచె ఎక్కలేదు. దుర్యోధనుడి అంగరఖా వీపు వెనక కుప్పపడింది. కిరీటం పెట్టగానే కర్ణుడి చెవిలో కుయ్‌మని కూత. డ్రెస్సింగు చూసుకునే పిల్లలేమో "పొడుగు అంగరఖా వేసి కాలు కప్పేద్దాం సార్, కర్రలు తెర వెనకే పెట్టించి ఇద్దరం పట్టుకొని నిలబెడతాం" అంటున్నారు. రిహార్సల్ చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన "స్టేజీ మీద బూట్లతో కృష్ణుడేందప్పా" అన్నాడు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఇలాంటి బృందానికి వేషం కట్టడం పిల్లలకు ఎట్లా నేర్పాలి? పోటీకి తీసుకుపోతే మార్కులు తగ్గిస్తారేమోనని కూడా భయంగా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ అమ్మాయి సంగతి. ఆమె ఏమీ మాట్లాడలేదని రాశారు. ఆ మాట దగ్గరే నేను చాలాసేపు ఆగాను. కాలు కప్పాలా, కర్రలు దాచాలా అని మీ పిల్లలు చర్చించారు, పెద్దాయన తీర్పు చెప్పారు, మీరు నాకు ఉత్తరం రాశారు. ఆమెను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. రేపు సాయంత్రం రిహార్సల్ మొదలుపెట్టే ముందు, నలుగురిలో కాకుండా విడిగా అడగండి: "అమ్మా, కృష్ణుడు స్టేజీ మీదికి ఎట్లా రావాలని నీకుంది? క్యాలిపర్ కనపడాలా, వద్దా? కర్రలకు రంగు వేద్దామా, ఉన్నట్టే ఉంచుదామా?" ఆమె కప్పమంటే కప్పండి, వద్దంటే వదిలేయండి. నిర్ణయం ఆమెది, దాన్ని అందంగా కుట్టి చూపించడం మీ పిల్లల పని. వాళ్లకు మీరు నేర్పాల్సిన మొదటి పాఠం ఇదే, కత్తెర పట్టుకోవడం దీని తర్వాతి సంగతి.

ఒక్కటి మాత్రం ఆమె ఒప్పుకున్నా చేయకండి. కర్రలు తీసేసి ఇద్దరు పట్టుకొని నిలబెట్టడం. రాయబారం కృష్ణుడికి చేతుల్లో, మెడలో, నడుములో ఎంత అభినయం ఉందో మీకు తెలుసు. ఇద్దరి భుజాల మీద వేలాడుతూ ఆ పద్యాలు ఎవరూ పాడలేరు, ఊపిరే అందదు. నాట్యశాస్త్రం ఆంగికం, వాచికం, సాత్త్వికాలతో పాటు ఆహార్యాన్నీ, అంటే వేషాన్నీ, అభినయంలోనే లెక్కపెట్టింది. నటుడి ఒంటినీ గొంతునూ కట్టిపడేసే బట్ట ఎంత జరీతో మెరిసినా ఆహార్యం కాదు, బరువు.

ఇప్పుడు డ్రెస్సులు. అవి సరిపోకపోవడం మీ పిల్లల ఒంటిలోని లోపమని ఎవరూ అనుకోకూడదు, ముఖ్యంగా వాళ్లు. అద్దె డ్రెస్సు ఎవరికి కుట్టారు? నిటారుగా నిలబడి, రెండు కాళ్ల మీదా బరువు సమానంగా మోపి, చెవి దగ్గర ఏమీ పెట్టుకోని మగమనిషికి కుట్టారు. కొలత అక్కడే తప్పింది. కాబట్టి మీ డ్రెస్సింగు పిల్లలకు టేపు ఇచ్చేటప్పుడు ఈ నియమం పెట్టండి: నటుడు ఏ భంగిమలో నటిస్తాడో ఆ భంగిమలో, ఒంటి మీద ఏమేం ఉంటాయో వాటన్నిటితో కలిపి కొలవాలి. వీల్‌చైర్‌లో కూర్చునే వాడిని కూర్చోబెట్టే కొలవాలి. క్యాలిపర్ పెట్టుకున్నాక దాని మీదుగా, బూటుతో సహా కొలవాలి. చంక కర్రల మీద బరువు మోపినప్పుడు భుజాలు పైకి లేస్తాయి, వీపు వెడల్పవుతుంది. ఆ స్థితిలోనే భుజం కొలత తీయాలి. రాజుల వేషాలన్నీ భుజాల మీదే నిలబడతాయి గనక ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా.

కృష్ణుడి పీతాంబరం అద్దెది వాడకండి, మీరే కుట్టించండి. పట్టు గుడ్డ జారుతుంది, పైగా క్యాలిపర్ కడ్డీకి తగిలి చిరుగుతుంది. పసుపు రంగు నూలు గుడ్డ తీసుకొని, ఎవరింట్లోనైనా ధర్మవరం పాత చీర ఉంటే దాని అంచు విప్పి కుట్టండి. పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు అంచే కనపడుతుంది. పంచెను కట్టడం కాదు, కుచ్చిళ్లు కుట్టేసిన పంచె చేయించండి. ఎడమ కాలి బయటి వైపు నడుము నుంచి చీలమండ దాకా తెరిచి టిచ్ బటన్లు పెట్టించండి. ఆమె కూర్చొని, క్యాలిపర్ విప్పకుండానే, తనంతట తాను వేసుకోగలగాలి. క్యాలిపర్ తగిలే చోట లోపల జీన్స్ గుడ్డలాంటి గట్టి ముక్క అతికించండి. మోకాలి పక్కన ఉండే లాక్ ఆమె నిలబడేటప్పుడు వేయాలి, కూర్చునేటప్పుడు తీయాలి. కుచ్చిళ్ల చాటున అక్కడ చెయ్యి దూరేంత సందు వదలకపోతే సభలో కృష్ణుడు కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు.

వెల్క్రో వేద్దామని పిల్లలు అంటారు. గ్రీన్ రూమ్‌లో వెల్క్రో మేలే. కానీ సీను నడుస్తుండగా విప్పాల్సింది ఏదైనా ఉంటే వద్దు. మైకు దగ్గర దాని చప్పుడు బట్ట చిరిగినట్టే వినిపిస్తుంది. చర్మానికి తగిలే చోట దాని ముళ్ల వైపు ఎప్పుడూ బయటికి తిరిగి ఉండాలి.

వనమాల మోకాళ్ల దాకా వేలాడితే కర్రల్లో చిక్కుకుంటుంది. బొడ్డు దాకా చాలు, దాన్ని కూడా అంగీకి నాలుగు చోట్ల కుట్టేయండి. ఉత్తరీయం వెనక్కి వదలకండి. అరచేతులతో కర్ర పిడి పట్టుకుంటుంది గనక ఉంగరాలు, వెడల్పు కంకణాలు వద్దు. కంకణాన్ని ముంజేతి మీదికి జరిపి ఎలాస్టిక్‌తో నిలపండి. భుజకీర్తులు తేలిగ్గా, భుజం పైభాగానికే అంటి ఉండాలి. చంక వైపు దిగితే ప్రతి అడుగుకీ గీసుకుంటాయి. కర్రలను అలంకరించమని ఆమె అంటే రంగు గుడ్డ చుట్టండి, జరీ అంచు తిప్పండి. చేత్తో పట్టుకునే పిడినీ, నేలకు ఆనే రబ్బరునూ మాత్రం ఏ గుడ్డా తాకకూడదు. ఆ రబ్బరు అరిగి ఉంటే ఈ వంకతో కొత్తది వేయించండి. గోపాలుడి చేతిలో కర్ర మన జనానికి కొత్త కాదు. ఆ ఊహ ఆమెకు నచ్చితే వాడుకుంటుంది, నచ్చకపోతే అవి ఉత్త చంక కర్రలు. అట్లయినా కృష్ణుడికి ఏ లోటూ రాదు.

కిరీటం గురించి ఒక మాట. కర్రలతో నడిచే మనిషి నేల చూసి అడుగు వేస్తుంది. తల వంచినప్పుడల్లా బరువైన కిరీటం ముందుకు జారుతుంది, దాన్ని సర్దడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఒక ఆదివారం పిల్లలను ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు తీసుకుపోండి. అక్కడి తోలుబొమ్మల కళాకారులు నగను ఎట్లా చేస్తారో చూపించండి. మేకతోలులో సన్నని రంధ్రాలు కొడతారు, వెలుగు వాటిలోంచి వచ్చి హారమవుతుంది, కిరీటమవుతుంది. బరువు లేకుండా నగ కనిపించడం ఎట్లాగో అంతకంటే బాగా చెప్పే పాఠం మన జిల్లాల్లో నాకు తెలియదు. పలుచని అట్టకు రంధ్రాలు కొట్టి, వెనక రంగు కాగితం అతికించి చేసిన కిరీటం మన కృష్ణుడికి చాలు. నెమలి పింఛం దానికే గుచ్చండి.

బూట్ల మాట అన్న పెద్దాయనతో వాదన పెట్టుకోకండి. స్టేజీకి మొక్కి చెప్పులు విడిచి ఎక్కే తరం ఆయనది, ఆ భక్తి మంచిదే. ఆయన్ను పిలిచి క్యాలిపర్ చూపించమంటే ఆ అమ్మాయికి ఇష్టమో కాదో కనుక్కోండి. ఇష్టం లేకపోతే మీరే మాటల్లో చెప్పండి: ఇనుప కడ్డీలు బూటు మడమలోకి దిగి ఉంటాయి, బూటు తీయడమంటే కాలు తీయడమే. రెండో కాలికి కూడా బూటు ఉండాలి, లేకపోతే ఎత్తు తేడా వచ్చి ఒరిగిపోతుంది. బూటును శుభ్రంగా తుడిచి, పైన పసుపు గుడ్డ తొడుగు కుట్టండి. అడుగు భాగం కప్పకండి, జారుతుంది. కృత్రిమ కాలు పెట్టుకున్న వాళ్లు మీ దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. మడమ ఎత్తు ఎంత ఉండాలో చూసి ఆ పాదాన్ని అమరుస్తారు, వేషం కోసం ఎత్తు మడమల పాదరక్షలు తగిలిస్తే మనిషి ముందుకు తూలిపోతాడు. 1968లో జైపూర్‌లో తయారైన జైపూర్ కాలుతో ఉత్త పాదంగానే నడవచ్చు, గొంతుకూర్చోవచ్చు. అందుకే మీ దగ్గరున్నది ఏ రకమో ఆ మనిషినే అడగాలి.

దుర్యోధనుడి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే బయటికి కనపడదు. వెన్నుపూస దెబ్బతిన్న వాళ్లలో చాలామందికి దెబ్బకు కింది భాగంలో స్పర్శ ఉండదు. పిన్నీసు గుచ్చుకున్నా తెలియదు, నాడా బిగుసుకున్నా తెలియదు. మన నాటకాల డ్రెస్సులు సగం పిన్నీసుల మీదే నిలబడతాయి కదా. ఈ అబ్బాయి నడుము కింద ఒక్క పిన్నీసు కూడా పెట్టకూడదని గోడ మీద రాసి అంటించండి. కూర్చునే భాగం కింద కుట్టు, జేబు, బటను, జరీ ముడి ఏదీ రాకూడదు. ఒత్తిడి పడిన చోట చర్మం కమిలి పుండవుతుంది, అది మానడానికి నెలలు పడుతుంది. నాటకం కోసం ఒక పిల్లవాడు నెలల తరబడి మంచం పట్టాడంటే మనకు నాటకం ఎందుకు?

కూర్చున్న మనిషికి పైజామా వెనక నడుము దగ్గర దిగిపోతుంది, ముందు ముడతలు పడుతుంది, కాళ్ల దగ్గర పైకెక్కుతుంది. అందుకని వెనక ఎత్తుగా, ముందు తక్కువగా, కాళ్లు నిలబడ్డ కొలత కంటే పొడవుగా కత్తిరించాలి. అంగరఖా వెనక భాగం సీటు దాకా వచ్చి ఆగిపోవాలి. మీ అద్దె డ్రెస్సు కుప్పపడింది అందుకే. ముందు భాగం ఒడి మీద పరిచినట్టు పడితే కూర్చున్న రాజుకు నిండుదనం వస్తుంది. చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలి, వదులు చేతులు చక్రంలో పడతాయి. ఉత్తరీయం సంగతి చెప్పనక్కర్లేదు.

కుర్చీని సింహాసనం చేద్దామని పిల్లలకు తప్పకుండా తోస్తుంది. ఆ అబ్బాయి సరేనంటే పక్కలకు, వీపు వెనక పలుచని థర్మాకోల్ సింహాలు కట్టండి. చక్రాలు, బ్రేకులు, పాదాలు పెట్టుకునే పలక మాత్రం వదిలేయండి. దుర్యోధనుడు కోపంతో లేచే చోట ఇతను కుర్చీని ఒక్క ఊపున ముందుకు తోసుకొస్తాడు, ఆ ఊపు ఎంత బాగుంటుందో రిహార్సల్‌లో చూసుకోండి. అది అతని చేతుల్లోంచి రావాలి గానీ వెనక నుంచి భటుడు నెట్టకూడదు. సీటు మీది దిండు మార్చకండి, దాని మీద ముఖ్మల్ గుడ్డ పరచకండి. పావుగంటకో అరగంటకో చేతుల మీద ఆని ఒళ్లు కాస్త పైకెత్తుకోవడం అతనికి అలవాటై ఉంటుంది. అంగరఖా చంకలు ఆ కదలికకు వీలివ్వాలి. పద్యాల మధ్య ఎక్కడ ఒళ్లు ఎత్తుకోవచ్చో మీరూ అతనూ కూర్చొని గుర్తు పెట్టుకోండి.

ఇంకొకటి. దుర్యోధనుడు అనగానే తొడ చరుస్తాడు, జనం ఈలలు వేస్తారు. స్పర్శ లేని తొడ మీద కంకణం వేసుకున్న చేత్తో ప్రతి రిహార్సల్‌లోనూ చరిస్తే కమిలిపోతుంది, అతనికి తెలియనే తెలియదు. కుర్చీ చేతిని చరిచేట్టు మార్చండి, చప్పుడు ఇంకా బాగా వస్తుంది. అనంతపురం ఎండ కూడా లెక్కలోకి తీసుకోండి. వెన్నుపూస దెబ్బ పైభాగంలో ఉంటే కింద చెమట పట్టక ఒళ్లు వేడెక్కిపోతుంది. ముఖ్మల్ బదులు నూలు, లోపల లైనింగు లేకుండా. మూత్రం సంచి ఉంటే దాని గొట్టం నలగకుండా నాడా బదులు వెడల్పు ఎలాస్టిక్ వేయండి. ఆ విషయం అందరి ముందూ అడగకండి, తనకు నమ్మకమైన ఒక్కరే అడగాలి.

కర్ణుడి చిక్కు మూడింటిలో తేలికైనది. చెవిలోంచి బయటికి తప్పించుకున్న శబ్దం కిరీటానికి తగిలి తిరిగి మిషన్ మైకులోకి దూరుతోంది, ఆ కూత అదే. కిరీటాన్ని చెవులకు పైనే ఆపేయండి, విగ్గును చెవి వెనక్కి కత్తిరించండి. పౌడరు, స్ప్రే కొట్టేటప్పుడు మిషన్లు తీసి డబ్బాలో పెట్టి, అన్నీ అయ్యాక పెట్టుకోవాలి. చెవి వెనక తల మీద అయస్కాంతంతో అంటుకొని ఉండే కాక్లియర్ మిషన్ అయితే లోహపు కిరీటం, అయస్కాంతపు బటన్లు దగ్గరికి రానివ్వకండి. కుండలాలు ఎక్కడ తగిలించాలి అని పిల్లలు అడుగుతారు. అసలు తగిలించనక్కర్లేదు తమ్ముడూ. కవచ కుండలాలను కర్ణుడు ఇంద్రుడికి ఇచ్చేసింది అరణ్యపర్వం చివర్లో. రాయబారం జరిగే ఉద్యోగపర్వం నాటికి అతని చెవులకు అవి లేవు. కుండలాలు లేని కర్ణుడే కథకు సరైన కర్ణుడు. ఆ ఖాళీ చెవికి మిషన్ కనపడితే కనపడనివ్వండి.

అతనికి అసలు అడ్డం ఎక్కడ వస్తుందంటే ఎదుటివాళ్ల వేషంలో. పెదవుల కదలిక చూసి అతను కొంత మాట అందుకుంటాడు. భీష్ముడికీ ద్రోణుడికీ పెదవులు మూసేసే గడ్డాలు, దుర్యోధనుడికి గుబురు మీసాలు పెడితే కర్ణుడికి సగం సంభాషణ పోయినట్టే. మీసాన్ని పై పెదవి అంచుకు పైనే కత్తిరించండి. ఒకరి సౌకర్యం ఇంకొకరి మీసంలో ఉందని పిల్లలకు అర్థమైతే, డ్రెస్సింగు అంటే ఒక్కొక్కరిని విడివిడిగా ముస్తాబు చేయడం కాదని తెలుస్తుంది.

ఇక క్లాసులో ఎట్లా చెప్పాలి అనేది. కళ్లకు గంతలు కట్టి నడిపించడం, ఒక పూట వీల్‌చైర్‌లో కూర్చోబెట్టడం లాంటివి చేయించకండి. పిల్లలకు భయమూ జాలీ తప్ప ఏమీ మిగలవు, ఏళ్ల తరబడి ఆ ఒంటితో బతకడంలో ఉన్న నేర్పు ఒక పూటలో పట్టుబడదు. దాని బదులు బట్టను పరీక్షించండి. కుట్టిన ప్రతి డ్రెస్సునూ కూర్చొని వేసుకోగలమా? ఒంటి చేత్తో బటను పెట్టగలమా? చూడకుండా ముందు వెనకలు తెలుస్తాయా? తెలియకపోతే మెడ వెనక లోపలి వైపు ఒక దారపు ముడి వేయించండి, చూపు లేని నటుడు వేలితో తడిమి తెలుసుకుంటాడు. పరీక్ష మనిషికి కాదు, బట్టకు.

ప్రతి నటుడికీ ఒక కొలతల కాగితం తయారు చేయించండి, అందరికీ ఒకటే, వైకల్యం ఉన్నవాళ్లకు వేరే కాగితం కాదు. కొలతల కింద కొన్ని ప్రశ్నలు ఉండాలి: ఒంట్లో ఎక్కడ ముట్టుకోకూడదు? ఏ గుడ్డ పడదు? వేసుకునేటప్పుడు సాయం కావాలా, ఎవరి సాయం? ఎంతసేపు నిలబడగలరు? మీరు చూస్తారు, రెండు కాళ్లతో పరుగెత్తే భీముడు కూడా అందులో ఏదో ఒకటి రాస్తాడు. మీసాలు అతికించే స్పిరిట్ గమ్ పడక ముఖం దద్దుర్లెక్కే వాళ్లు, జరీ గీసుకుంటే సహించలేని వాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. ఆటిజం ఉన్న పిల్లలు వస్తే ఈ కాగితం ఇంకా అవసరం. చమ్కీ గుచ్చుకోవడం, కాలరు వెనక పట్టీ రాపిడి వాళ్లకు నిజంగా నొప్పే. లోపల ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు బనీను వేసి, డ్రెస్సును వారం ముందే ఇంటికిచ్చి అలవాటు చేయించాలి. సెరిబ్రల్ పాల్సీతో చెయ్యి బిగుసుకునే వాళ్లకు తొడిగేటప్పుడు బిగుసుకున్న చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయాలి. ఇవి మీ డ్రెస్సింగు పిల్లల చేతికి అలవాటు కావాలి.

ఎవరి కర్రనూ, కుర్చీనూ అడగకుండా జరపకూడదని కూడా చెప్పండి. గ్రీన్ రూమ్‌లో చోటు చాలడం లేదని కర్రలు మూలకు పెట్టేస్తారు, ఆ అమ్మాయి ఉన్నచోటే ఉండిపోవాల్సి వస్తుంది. ఆమెకు బట్టలు మార్చుకోవడానికి తెర కట్టిన చోటు, కూర్చోవడానికి చేతులున్న కుర్చీ, సాయానికి ఒక ఆడపిల్ల ఉండాలి.

మీ ఉత్తరంలో నాకు లోటుగా అనిపించింది ఒకటుంది. డ్రెస్సింగు బృందంలో ఈ ముగ్గురిలో ఎవరూ లేరు. రోజూ క్యాలిపర్ మీదికి చుడీదార్ సర్దుకునే అమ్మాయికి తెలిసినంత మీ టైలరుకు తెలియదు. ఆమెను కత్తిరించే బల్ల దగ్గరికి పిలవండి. కాలితో తొక్కే కుట్టు మిషన్ కుదరకపోతే చేతితో తిప్పే మిషన్ దొరుకుతుంది. వీల్‌చైర్ బల్ల కిందికి దూరేటట్టు దాని ఎత్తు చూసుకోండి. వచ్చే ఏడు డ్రెస్సింగు పెద్దగా ఆమే ఉండొచ్చు.

మీరు అడగకపోయినా ధృతరాష్ట్రుడి గురించి చెప్పాలి, ఎందుకంటే అదీ ఆహార్యమే. చూపున్న అబ్బాయి కనుగుడ్లు పైకి తిప్పి, చేతులు గాలిలో ఊపుతూ తడుముకుంటే జనం నవ్వుతారు. పుట్టినప్పటి నుంచీ చూపులేని ఆ రాజుకు తన సభలో ప్రతి మెట్టూ తెలుసు, అతను తడుముకోడు. కుదిరితే చూపులేని నటుడికే ఆ పాత్ర ఇవ్వండి, కుదరకపోతే ఆ నవ్వు పుట్టించే చేష్టలు తీసేయండి. శకునికి కుంటినడక పెట్టే అలవాటు కూడా ఉంది. వ్యాస భారతంలో శకుని కుంటివాడు కాడు. దుర్మార్గం కనపడాలంటే కాలు ఈడ్వాలి, మంథర అనగానే వీపున దిండు కట్టి ఆమె మనసే వంకర అన్నట్టు చూపాలి అనే పద్ధతి మీ కృష్ణుడు ఎక్కే స్టేజీ మీద ఇంక వద్దు. కుంటినడక కపటానికి గుర్తని ఒక పాత్రలో చూపించి, అదే తెర మీదుగా కర్రలతో వచ్చే అమ్మాయిని దేవుడని నమ్మమంటే జనం ఎట్లా నమ్ముతారు?

డబ్బు విషయం. మొత్తం అద్దె మానేయనక్కర్లేదు. పంచె, పైజామా, కృష్ణుడి కిరీటం సొంతంగా చేసుకోండి. నగలు, ఆయుధాలు అద్దెకే తెచ్చుకోండి. అద్దె అంగరఖా విప్పి కుట్టాలంటే యజమానిని ముందే అడగండి, వెనక కుట్టు విప్పి మళ్లీ వేసిస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. మన కడప జిల్లాలో సురభి అనే పల్లెలో 1885లో కీచకవధతో మొదలైన నాటక సమాజం తీగల మీద మనుషులను గాలిలో ఎగరేసింది, కళ్ల ముందే వాన కురిపించింది. ఆ సీమలో ఒక పంచెకు పక్క కుట్టు విప్పడం పెద్ద పని కాదు.

ఇక పోటీ. మార్కులు తగ్గిస్తారేమోనని ఊరికే భయపడేకంటే నిర్వాహకులకు ఇప్పుడే ఉత్తరం రాయండి. మా కృష్ణుడు చంక కర్రలతో, దుర్యోధనుడు వీల్‌చైర్‌తో వస్తారు, స్టేజీ ఎక్కడానికి ర్యాంపు కావాలి అని. ర్యాంపు అనగానే రెండు బల్లలు ఏటవాలుగా వేసేస్తారు, అది ప్రమాదం. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మూడడుగుల స్టేజీ అయితే ముప్పై ఆరడుగులు, మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు. అది కుదరదంటే నేల మీదే ఆడనివ్వమని అడగండి. నలుగురు కలిసి దుర్యోధనుడిని కుర్చీతో సహా మోసుకుపోవడానికి అతను తన నోటితో సరేనంటే తప్ప ఒప్పుకోకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం గురించే. వైకల్యమున్న కళాకారులకు వసతులు, తోడ్పాటు ఇవ్వాలని, కళల కోర్సులను కూడా వాళ్లు పాల్గొనేలా మార్చాలని అది ప్రభుత్వాలకు బాధ్యత పెట్టింది. పోటీ జరిపేది ప్రైవేటు సంస్థే అయినా ఈ సెక్షన్ సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యం రాయండి. మీ ప్రిన్సిపాల్‌కూ ఆ కాపీ ఇవ్వండి, పీతాంబరం గుడ్డ ఖర్చు కాలేజీ నుంచి రాబట్టడానికి పనికొస్తుంది.

డ్రెస్ రిహార్సల్ ముందురోజు రాత్రికి వాయిదా వేయకండి. కనీసం పది రోజుల ముందు, పూర్తి నాటకం, పూర్తి వేషం, మధ్యాహ్నం ఎండలో ఒకసారి. అయిపోగానే దుర్యోధనుడి చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమో అతనో, అతని ఇంట్లోవాళ్లో చూసుకోవాలి. కృష్ణుడి చంకలు, అరచేతులు ఆమె చూసుకోవాలి. కర్ణుడికి ఎక్కడెక్కడ మాట అందలేదో గుర్తు పెట్టుకోవాలి. అవన్నీ ఆ కొలతల కాగితం మీదే రాయించి, మరుసటి రోజే టైలరు దగ్గరికి పంపండి.